ఎన్ని రోజుల పంట

భూపాలపల్లికి రైలు లేదు. మహబూబాబాద్ నుంచి వెళ్లాలంటే వరంగల్ దాకా రైల్లో వచ్చి, హనుమకొండలో బస్సెక్కి, పరకాల మీదుగా పోవాలి. మే నెల ఎండ. కాళ్ల దగ్గర పది కిలోల మిరపకాయల సంచి. మూతి ఎంత బిగించి కట్టినా ఘాటు బయటికి వస్తూనే ఉంది. ముందు సీట్లో పెద్దమనిషి రెండుసార్లు తుమ్మి వెనక్కి తిరిగి చూశాడు. "మానుకోట మిర్చేనా?" అని అడిగాడు. మానుకోటంటే మహబూబాబాదే. అవునన్నాను. ఇక ఏమీ అనలేదు.

ఆ మిర్చి తెమ్మన్నది మా అక్క. "పిల్ల పోతది గదా, కారం పట్టియ్యాలె" అని ఫోన్ చేసింది. పిల్ల అంటే అక్క బిడ్డ. బీటెక్ చేసింది, హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసింది, ఇప్పుడు ఆగస్టులో ఎం.ఎస్.కు అమెరికా పోతోంది. సీటొచ్చింది, వీసా వచ్చింది, బ్యాంకు అప్పు మంజూరైంది. ఇక తేలాల్సింది ఒక్కటే. నేను చెప్పులు విడిచి లోపలికి రాగానే ఒక పాత కవరు నా చేతిలో పెట్టింది. దాని వెనక పెన్నుతో నిలువుగా గీత కొట్టి రెండు వరుసలు రాసుకుంది.

"మామా, ఏడాదిల అయిపోగొట్టాల్నా, రెండేండ్లు చదవాల్నా?"

కోర్సు మొత్తం ముప్పై క్రెడిట్లు. ఎడమ వరుసలో పన్నెండు, పన్నెండు, ఆరు అని ఉంది. అంటే ఒక్కో సెమిస్టర్‌లో నాలుగేసి సబ్జెక్టులు, వేసవిలో ఇంకో రెండు. ఆగస్టులో మొదలుపెడితే మళ్లీ ఆగస్టుకు చేతిలో పట్టా. కుడి వరుసలో తొమ్మిది, తొమ్మిది, తర్వాత ఒక ఖాళీ గడి, మళ్లీ తొమ్మిది, చివరికి మూడు. ఇది మామూలు దారి. ఆ ఖాళీ గడి మొదటి వేసవి. రెండో ఏడు మే నెలలో ముగుస్తుంది. రెండు దారులకూ తేడా తొమ్మిది నెలలు.

క్రెడిట్‌కు ఇంత అని కట్టించుకునే విశ్వవిద్యాలయం కాబట్టి ఫీజు ఎట్లా చదివినా దాదాపు ఒకటే. తగ్గేది అద్దె, తిండి, మిత్తి. మా ఊళ్లల్లో మిత్తి లెక్క నూటికి నెలకు ఎన్ని రూపాయలని చెప్తారు. బ్యాంకుది నూటికి రూపాయికి కొంచెం తక్కువ పడింది. ముప్పై లక్షల మీద పదకొండు శాతమంటే ఏడాదికి 3,30,000, నెలకు 27,500. తొమ్మిది నెలలకు 2,47,500. డబ్బంతా మొదటి రోజే తీసుకోదు కాబట్టి మొదట్లో ఇంత పడకపోవచ్చు, కానీ చివరి తొమ్మిది నెలలకు వచ్చేసరికి అప్పు నిండుగానే ఉంటుంది. చదువు ముగిసిన ఏడాది దాకా బ్యాంకు కిస్తు అడగదు గానీ, మిత్తి మాత్రం డబ్బు చేతిలో పడిన రోజు నుంచే నడుస్తుంది. పైగా మామూలుగా ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు తాకట్టు అడుగుతారు. పరకాలలో బావ కొన్న ఇంటి జాగ కాగితాలు ఇప్పుడు బ్యాంకు బీరువాలో ఉన్నాయి. ఆ సంగతి పిల్లకు తెలుసు. కవరు మీద ఎడమ వరుస కింద రెండు గీతలు కొట్టి ఉండటానికి కారణం అదే.

కుడి వరుసలో డబ్బుగా లెక్కకు రానివి ఉన్నాయి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తిగా చదివితే తప్ప క్యాంపస్ బయట, చదువుకు సంబంధించిన పని చేయడానికి అక్కడ అనుమతి రాదు. అందుకే ఇంటర్న్‌షిప్‌కు పనికొచ్చేది ఆ మొదటి వేసవే. చాలామందికి ఉద్యోగం దొరికే తలుపు కూడా అదే. ఎడమ దారిలో ఆ వేసవిని సబ్జెక్టులు తినేస్తాయి. ఇంకొకటి. చదువు ముగిశాక పనిచేసుకోవడానికి పన్నెండు నెలలిస్తారు, సైన్సు, ఇంజినీరింగ్ చదివినవాళ్లకు మరో ఇరవై నాలుగు నెలలు. కానీ ఆ మొదటి పన్నెండు నెలల్లో ఉద్యోగం లేకుండా మొత్తం తొంభై రోజులకు మించి ఉండకూడదు. చదువును ముందుగా ముగించడమంటే ఆ తొంభై రోజుల లెక్కను కూడా ముందుగా మొదలుపెట్టడమే.

ఇవన్నీ పిల్లకు నాకంటే బాగా తెలుసు. నన్ను అడిగింది వీటి కోసం కాదని నాకు అర్థమైంది. ఇంట్లో పీజీ చదివినవాణ్ని నేనొక్కణ్నే. పాతికేళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో పిల్లలకు ఏం చదవాలో చెప్తున్నవాణ్ని. అయినా వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. నాకు ముందుగా మా నాయిన బావి గుర్తొచ్చింది.

మాది జనగామ దగ్గర ఊరు. ఇప్పుడు దేవాదుల నీళ్లు చెరువుల్లోకి వస్తున్నాయి గానీ, నా చిన్నప్పుడు అది పక్కా కరువు సీమ. వానాకాలం నారు పోసే ముందు నాయిన పొద్దున్నే బావి గడ్డ మీద నిలబడి మెట్లు లెక్కపెట్టేవాడు. పైకి కనబడే మెట్లను కాదు, మునిగినవాటిని. మొత్తం ఎన్ని మెట్లో ఆయనకు కంఠతా కాబట్టి, కనబడేవి తీసేస్తే మునిగినవి తేలేవి. నీళ్లు నిండుగా ఉంటే అయిదు నెలల పంట సాంబ మసూరి. లేకపోతే నాలుగు నెలల్లో చేతికొచ్చే తెల్లహంస. సాంబ అన్నం మల్లెపూవులా ఉంటుంది, ధర కూడా ఎక్కువ. ఇంట్లో అందరికీ సాంబ మీదే మనసు. కానీ వడ్ల రకాన్ని నిర్ణయించేది మనసు కాదు, నీళ్లు. "ఎన్ని రోజుల పంట?" అని రైతు అడిగితే దాని అర్థం "అన్ని రోజులు నా దగ్గర నీళ్లున్నయా?" అని.

ఒక్క ఏడు ఆయన లెక్క తప్పాడు. అప్పు ఎక్కువుంది, ధర బాగుందన్నారు, సాంబ పోశాడు. పొలం పొట్ట దశకు వచ్చేసరికి బావి అడుగంటింది. చూడటానికి పైరు పచ్చగానే ఉంది. కంకులు కూడా వేసింది. కాకపోతే ఒక్క కంకీ తలవంచలేదు. నాయిన ఒక కంకి తెంపి, గింజను బొటనవేలి గోటితో నొక్కాడు. పాలు రాలేదు. పొట్టు చీలి, లోపల ఏమీ లేదు. అట్లా నాలుగైదు గింజలు నొక్కి, కంకిని గట్టు మీద పెట్టి ఇంటికొచ్చాడు. కోత కూడా కోయించలేదు. పశువులను తోలాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకు, 1994లో, నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగులో చేరాను. 1976లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం మా చుట్టుపక్కల నాలుగు జిల్లాల పిల్లలకు అందుబాటులో ఉన్న పెద్ద చదువు. రెండేళ్ల కోర్సు, రెండేళ్లలోనే ముగించాను. పట్టా చూసినవాళ్లకు లోటేమీ కనబడదు. కానీ ఆ రెండేళ్లూ నేను పొద్దున రైల్లో జనగామ నుంచి వెళ్లి, తరగతులు ముగియగానే కాజీపేట స్టేషన్‌కు ఉరికేవాణ్ని. సాయంత్రం జనగామలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు. ఆ డబ్బు ఇంటికి కావాలి. నాకు రెండేళ్లున్నాయి. ఆ రెండేళ్ల మధ్యాహ్నాలు మాత్రం లేవు.

మాకు పాఠం చెప్పే ఒక మాస్టారు మధ్యాహ్నాలు తన గదిలో ముగ్గురు నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని పాల్కురికి సోమన ద్విపద చదివించేవారు. పాఠ్యాంశం కాదది, పరీక్షలో రాదు. ఆ గదిలో కూర్చున్నవాళ్లు చెప్పేవాళ్లు, ఒక్క పేజీ మీద వారం గడిచేదట. సోమన ఊరు పాలకుర్తి మా ఊరి పక్కనే. సోమన మాటల్లో సగం మా అమ్మ నోట విన్నవే. ఆ గదిలో అందరికంటే నాకే పని ఉండాల్సింది. ఒక్కరోజు కూడా కూర్చోలేదు. ఇప్పుడు నేను నా విద్యార్థులకు సోమనను నోట్సు నుంచి చెప్తాను. చెప్పిన ప్రతిసారీ నాయిన గోటి కింద చీలిన ఆ గింజ గుర్తొస్తుంది. ట్యూషన్లు చెప్పినందుకు నాకు పశ్చాత్తాపం లేదు, ఆ రెండేళ్లూ ఇంట్లో పొయ్యి వెలిగింది దానితోనే. కానీ పోయింది పోయిందే. దాన్ని పోలేదని చెప్పుకోవడం నాకు చేతకాదు.

అందుకే ఎన్ని సెమిస్టర్లు అన్న ప్రశ్న కంటే, ఆ సెమిస్టర్లలో చదివేవాళ్లకు ఎన్ని గంటలు మిగులుతాయన్నది నాకు పెద్దది. ఈ మాట పిల్లకు చెప్పాను. "అయితే రెండేండ్లే నయమంటవా?" అంది. అట్లా అని కూడా అనలేకపోయాను. ఎందుకంటే మహబూబాబాద్‌లో నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఈ లెక్కను పూర్తిగా తిరగేసి చూపించింది.

2011లోనో 2012లోనో అనుకుంటా. తండా నుంచి వచ్చే అమ్మాయి. డిగ్రీ చివరి ఏడు. చురుకైనది, చేతిరాత ముత్యాల వరుస. అప్పట్లో బీఈడీ ఏడాదే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో 2015 నుంచి అది రెండేళ్లయింది గానీ, అప్పటికి ఏడాది చదివితే టీచర్ ఉద్యోగానికి అర్హత. నేను ఎంతో ఆలోచించి సలహా ఇచ్చాననుకున్నాను: "బీఈడీ చెయ్యమ్మా, ఏడాదిలో అయిపోతుంది. ఎం.ఏ. అయితే రెండేళ్లు." ఆమె కాసేపు నేల చూసి అంది: "ఏడాదిల అయిపోతది సార్. అయిపోతే పెండ్లే. ఎం.ఏ. అయితే రెండేండ్ల దాకా మా నాయిన 'బిడ్డ చదువుతాంది' అని చెప్తడు. ఎవ్వలు అడగరు."

నేను అన్నేళ్లుగా చదువును ఖర్చుగా, రాబడిగా, జ్ఞానంగా చూశాను. అది కొందరు ఆడపిల్లలకు కంచె అని ఆ రోజు దాకా తట్టలేదు. "చదువుతాంది" అన్న ఒక్క క్రియాపదం సంబంధాలు తెచ్చేవాళ్లను గుమ్మంలోనే నిలబెడుతుంది. ఆ క్రియ వర్తమానంలో ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఆమె ఆమెదిగా ఉంటుంది. రెండేళ్ల కోర్సును ఏడాదిలో ముగించే వెసులుబాటు ఇస్తామని ఎవరైనా చెప్తే, ఆ అమ్మాయికి అది వరం కాదు, ఉన్న కంచెను సగానికి నరకడం.

ఆమె ఎం.ఏ. చేసింది. హాస్టల్‌లో ఉంది. బీఈడీ తర్వాతెప్పుడో చేసింది, అప్పటికి అదీ రెండేళ్లయింది. ఇప్పుడు ఒక గురుకులంలో పాఠాలు చెప్తోంది. బీఈడీ ఏడాదిగా ఉన్నప్పుడే చేయనందుకు ఏమైనా అనిపిస్తుందా అని ఒకసారి అడిగితే, "రెండేండ్లు మంచిగనే గడిచినయి సార్" అంది. బీఈడీని మళ్లీ కొందరికి ఏడాదిలో ముగించే ముసాయిదా 2025లో వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ అమ్మాయే.

తొందరగా ముగిసే చదువంటే నాకు పడదని అనుకోవద్దు. నాలుగు నెలల పంటను చులకన చేసే రైతు మా వైపు లేడు. తెలంగాణ సోనా అని పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం 2015లో రాజేంద్రనగర్ నుంచి వచ్చింది. నూట ఇరవై అయిదు రోజుల పంట, గింజ సన్నం, అన్నం రుచి. సన్నబియ్యం కావాలంటే సాంబ మసూరిలా నూట యాభై రోజులు ఆగాలన్న మాటను అది పక్కన పెట్టింది. అయితే అది సాంబను ముందుగా కోయగా వచ్చింది కాదు. నూట ఇరవై అయిదు రోజుల్లో పాలు పోసుకుని గింజ కట్టేలా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కూర్చి చేసిన విత్తనం.

ఏడాది మాస్టర్స్ డిగ్రీల్లో నేను చూసే తేడా సరిగ్గా ఇదే. బ్రిటన్‌లో మాస్టర్స్ మామూలుగా ఏడాదే. నూట ఎనభై క్రెడిట్లు, సెప్టెంబర్‌లో మొదలై వచ్చే సెప్టెంబర్‌కు ముగుస్తుంది, వేసవి అంతా సిద్ధాంత వ్యాసానికి. అది ఏడాది కోసమే వేసిన విత్తనం. మన దగ్గర 2024 జూన్‌లో యూజీసీ ఇచ్చిన పీజీ ప్రణాళికలో కూడా ఏడాది పీజీ ఉంది, కానీ నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు. మూడేళ్ల డిగ్రీ అయితే పీజీ రెండేళ్లే. మూడూ రెండూ అయిదు, నాలుగూ ఒకటీ అయిదు. అక్కడ తగ్గిందేమీ లేదు, గట్టు జరిగిందంతే. పిల్ల కవరు మీద ఎడమ వరుస అట్లాంటిది కాదు. మధ్యలో వేసవి విరామం ఉంటుందని, సెమిస్టర్‌కు మూడు సబ్జెక్టులని లెక్కేసి తయారుచేసిన కోర్సు అది. దాన్ని ఏడాదిలో ఇరికిస్తే పట్టా వస్తుంది, మార్కులూ రావచ్చు. కంకి వంగుతుందా అన్నదే నా భయం.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. 2024 చివర్లో యూజీసీ డిగ్రీ చదువును ముందుగా ముగించే వీలుతో పాటు, అవసరమైనవాళ్లు ఒకటి రెండు సెమిస్టర్లు ఎక్కువ తీసుకుని నిదానంగా ముగించే వీలు కూడా ప్రకటించింది. మా స్టాఫ్ రూంలో పదిసార్లు ముందుగా ముగించడం గురించే మాట్లాడుకున్నాం. పత్తి ఏరే రోజుల్లో కాలేజీకి రాలేని పిల్లలు, తల్లికి బాగాలేక ఇల్లు చూసుకునే పిల్లలు మా తరగతుల్లో నిండా ఉన్నారు. వాళ్లకు పనికొచ్చేది ఆ రెండో వీలు. నిదానంగా చదవడం తప్పు కాదని, అదీ ఒక దారేనని పిల్లలకు చెప్పేవాళ్లు కావాలి. ఈ జూన్ నుంచి నేను చెప్పడం మొదలుపెడుతున్నాను.

సాయంత్రం బావ మొదటి షిఫ్ట్ ముగించుకుని వచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా సింగరేణిలో, బొగ్గు బాయిలో పని. భూపాలపల్లి జిల్లాకు జయశంకర్ సార్ పేరు పెట్టారు. ఆయన కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసినవారు. ఒక ప్రొఫెసర్ పేరు మోసే జిల్లాలో ఉంటున్నందుకు బావకు చెప్పలేనంత గర్వం. పదో తరగతి దగ్గర తన చదువు ఆగింది. పిల్ల కవరును అటూ ఇటూ తిప్పి చూసి, బావ లెక్కల జోలికి పోలేదు.

"బాయిల పేల్చినంక ఎవ్వరం లోపలికి ఉరకం. పొగ పోవాలె. తర్వాత సర్దార్ పోయి కట్టెతోని పైకప్పు కొట్టి చూస్తడు. గట్టిగ మోగితే సరే. డొల్ల చప్పుడొస్తే ఆగాలె, దిమ్మెలు పెట్టాలె. అంతసేపు మేం బయట కూసుంటం." కాస్త ఆగి అన్నాడు. "కూసున్నదంతా డ్యూటీలనే లెక్క బిడ్డా."

పిల్ల ఏమీ అనలేదు. "జాగ కాగితాలు?" అని అడగడానికి నోరు తెరిచి, మూసుకున్నట్టు నాకనిపించింది. బావకూ అనిపించి ఉండాలి. "జాగ ఏడికి పోదు" అన్నాడు.

పోదని నాకు అంత ధీమా లేదు. అక్కడి ఉద్యోగాలు, వీసాలు ఏ నెలకానెల మారుతున్నాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడు మా కాలేజీలో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి, పంపాల్నా వద్దా అని అడిగారు. బావిలో మెట్లు ఎన్ని మునిగాయో ఇప్పుడు ఎవరికీ సరిగ్గా కనబడటం లేదు. అందుకే నేను చివరికి చెప్పింది చిన్న మాటే. మొదటి సెమిస్టర్‌కు తొమ్మిదే తీసుకో. నాలుగో సబ్జెక్టు జోలికి పోకు. ఆ నాలుగు నెలల్లో నీకు సాయంత్రాలు మిగులుతున్నాయా, మిగిలితే ఏం చేస్తున్నావు, ఏ మాస్టారి గది తలుపు తెరిచి ఉంది, ఇవి చూడు. డిసెంబర్‌లో నీళ్లు చూసి నాటు. వేసవి ఖాళీగా ఉంచుకుని, మూడో సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు తీసుకున్నా ముప్పై క్రెడిట్లు పదహారు నెలల్లో పూర్తవుతాయి. కవరు మీద నువ్వు గీసిన గీతకు అటూ ఇటూ రెండే దారులున్నట్టు రాసుకున్నావు, మధ్యలో ఇంకొకటి ఉంది.

ఆమె కవరు తీసుకుని ఆ గీత మీదే 9, 9, ఖాళీ, 12 అని రాసింది. రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఆ ప్రశ్నార్థకం నాకు నచ్చింది.

వంటింట్లోంచి అక్క అప్పటికి మూడోసారి కేకేసింది. మిరపకాయలు తొడిమలు తీసి ఎండలో పోసి తెచ్చింది, గిర్ని మూసే వేళవుతోంది. "ఇంతకు ఎన్ని నెలలకు పట్టియ్యాలె? ఏడాదికా, రెండేండ్లకా? చెప్పుండ్రి."

"డిసెంబర్ దాక సరిపోను చాలమ్మా" అంది పిల్ల.

అక్క ఆ మాట విన్నది. గంప నెత్తికెత్తుకుని గిర్నికి పోయి, పది కిలోలూ పట్టించుకుని వచ్చింది.